అడవిపందికి పెట్టిన ఉపాయం పనిచేసిందో లేదో తేల్చడం ఎలా: మొక్కజొన్న చేలో ఒక సీజన్ పరీక్ష

అడవి అంచు ఊళ్లలో అడవిపందిని ఆపే ఉపాయాలకు కొదవ లేదు. గట్టు మీద పాత చీరలు, మంగలి షాపు వెంట్రుకలు, చుట్టూ ఆముదం వరుసలు, మిణుకు మిణుకుమనే సోలార్ లైట్లు, ఆగి ఆగి చిన్న షాక్ కొట్టే బ్యాటరీ కంచె (జట్కా మిషన్)... ఏ ఒక్కదాని గురించి అడిగినా "మా చేలో బ్రహ్మాండంగా పనిచేసింది" అనే రైతూ దొరుకుతాడు, "డబ్బు దండగ" అనే రైతూ దొరుకుతాడు. ఇద్దరూ నిజమే చెబుతుండొచ్చు. ఒకరు లైట్లు పెట్టిన ఏడాది పందుల గుంపు వేరే వాగు పట్టి పోయి ఉంటుంది. ఇంకొకరి చేను చెరువు కింది సర్కారు తుమ్మ పొదలకు ఆనుకుని ఉంటుంది. పోల్చి చూసుకోవడానికి పక్కన ఇంకో చేను లేనప్పుడు ఫలితం లైటుదా, అదృష్టానిదా అన్నది ఎవరూ చెప్పలేరు.

ఈ లెక్క రైతుకే కాదు, అడవికీ కావాలి. కొన్న ఉపాయం విఫలమైతే తర్వాతి మెట్టు చాలాచోట్ల చేను చుట్టూ లాగే కరెంటు తీగే. ఆ తీగకు పందే కాదు చిరుత, పులి, పశువు, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషి కూడా బలవుతారు. అందుకే ఏ పద్ధతి పనిచేస్తుందో, ఏది చేయదో ఊరి పొలాల్లోనే కొలిచి చూపడం వన్యప్రాణి సంరక్షణలో భాగమే. స్వచ్ఛంద సంస్థలు, అటవీ బీట్ సిబ్బంది, వ్యవసాయ విస్తరణ అధికారులు, రైతు సంఘాలు ఎవరైనా ఒక ఖరీఫ్‌లో చేయగల పరీక్ష ఇది. ఉదాహరణకు మొక్కజొన్న పంట, సోలార్ మిణుకు లైట్లు తీసుకున్నాం. లైట్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకోవచ్చు కాబట్టి పరీక్షకు అనువు. కంచె, ఆముదం విషయంలో ఏం మార్చుకోవాలో తర్వాత చెబుతాం.

ముందు పాత ఫలితాలు వెతకండి

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నడిపే కన్జర్వేషన్ ఎవిడెన్స్ అనే ఉచిత సమాచార నిధిలో ప్రపంచమంతటా జరిగిన పరీక్షల సారాంశాలు చర్యల వారీగా ఉన్నాయి. క్షీరదాలకు ప్రత్యేక విభాగం ఉంది. "ప్రయోజనకరం" నుంచి "పనిచేయదు లేదా హానికరం" దాకా ఒక్కో చర్యకు ఒక్కో తరగతి ఇస్తారు. "ప్రభావం తెలియదు" అనే తరగతిని "పనిచేయదు" అని చదవకండి. తేల్చి చెప్పేటంత పరీక్షలు ఇంకా జరగలేదని మాత్రమే దానర్థం. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు చేటు చేసే జంతువులు, పక్షుల మీద పరిశోధన చేసే విభాగం ఉంది. అడవిపంది గురించి వాళ్ల సిఫార్సులు కూడా చూడండి.

తరగతి చూసి ఆగిపోవద్దు. ఏ జంతువు మీద, ఎలాంటి చోట చేశారో చదవండి. దక్షిణ అమెరికాలో చిలీ ఎత్తైన మైదానాల్లో 11 లామా, అల్పాకా (ఒంటె జాతి పెంపుడు జంతువులు) మందల దగ్గర మిణుకు లైట్లు పరీక్షించారు. లైట్లున్న మందల మీద ప్యూమా (చిరుతలాంటి పెద్ద పిల్లి) దాడి చేయలేదు. అదే లైట్లు అక్కడి నక్కను ఆపలేకపోయాయి. ఒకే దీపం, ఒకే కొండ, రెండు జంతువులు, రెండు ఫలితాలు. అది మన పందికి ఏం చేస్తుందో పందిని అడిగే తెలుసుకోవాలి.

ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసి, తేదీ వేసి సంతకాలు పెట్టండి

"మొక్కజొన్న పాలుపోసుకునే దశ నుంచి కోత దాకా చేను చుట్టూ మిణుకు లైట్లు పెడితే అడవిపంది పడగొట్టే మొక్కలు తగ్గుతాయా?" ఏ పంట, ఏ దశ, ఏ జంతువు, ఏం కొలుస్తాం అన్నవన్నీ ఇందులో ఉన్నాయి. మొదలుపెట్టే ముందే ఎందుకు రాయాలంటే, సీజన్ అయ్యాక అనుకున్న ఫలితం రాకపోతే "నష్టం తగ్గకపోయినా రైతులు సంతోషంగా ఉన్నారు" అని కొలతనే మార్చేసే అలవాటు సంస్థలకు ఉంది.

పరీక్షకు అసలే పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. మెయిన్ లైను నుంచి నేరుగా లాగిన తీగ, నాటుబాంబు, ఉచ్చు, విషం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసవుతుంది. చేను చుట్టూ ఫోరేట్ గుళికల పొట్లాలు కట్టమనే పాత సలహా ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆ మందు వాడకం 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధం.

చేలను జతలుగా ఎంచుకోండి

కనీసం 12 జతలు, అంటే 24 చేలు కావాలి. 12 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కల దగ్గర తెలుస్తుంది. ఒక్కో జతలోని రెండు చేలు ఈ విషయాల్లో వీలైనంత దగ్గరగా ఉండాలి:

- అడవి అంచు నుంచి, వాగు నుంచి, పందులు పగలు పడుకునే తుమ్మ పొదల నుంచి దూరం
- విత్తిన తేదీ (వారానికి మించి తేడా వద్దు), రకం, విస్తీర్ణం
- రాత్రి కావలి ఉందా, లేదా

మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు. లైటు వచ్చిందని రైతు మంచె దిగి ఇంటికెళ్లి పడుకుంటే, మీరు కొలిచేది లైటుకూ మనిషి కావలికీ మధ్య తేడాను. లైటుకూ ఏమీ లేకపోవడానికీ మధ్య తేడాను కాదు. కావలి ఎప్పటిలాగే సాగాలని ముందే మాట తీసుకోండి. ఎవరు ఏ రాత్రి ఎన్ని గంటలు కాశారో రాయించండి.

జతలోని రెండు చేలు ఒకే గట్టుకు అటూ ఇటూ ఉండకూడదు. ఇటు లైటు చూసి బెదిరిన పంది అటు దూకుతుంది. అప్పుడు లైటు చేను నష్టం తగ్గినట్టు, పక్క చేను నష్టం పెరిగినట్టు కనిపించి, లైటు గొప్పతనం రెట్టింపవుతుంది. మధ్య కనీసం మూడు నాలుగు పొలాల ఎడం ఉంచండి.

చీటీలు వేయండి

జతలో ఏ చేనుకు లైట్లు, ఏది పోలిక చేను అన్నది చీటీ తీసి నిర్ణయించండి, అదీ రైతులిద్దరి ఎదుటే. "పందులు ఎక్కువ వచ్చే చేనుకే ముందు పెడదాం" అనిపిస్తుంది. సర్పంచి గారి చేనుకు పెట్టమని ఒత్తిడి కూడా వస్తుంది. రెండూ పరీక్షను పాడుచేస్తాయి. మొదటిదాంట్లో లైటు పాపం అన్యాయంగా ఓడిపోతుంది. రెండోదాంట్లో బాగా చూసుకునే చేనుకే పడి అన్యాయంగా గెలుస్తుంది.

పోలిక చేనును ఖాళీగా వదలకండి. అక్కడ కూడా అవే గూటాలు, అవే డబ్బాలు, అదే ఎడంలో పాతి, లోపల బ్యాటరీ తీసేయండి. ఈ ఉత్తుత్తి లైట్లు ఎందుకో బోట్స్‌వానాలోని ఒకవాంగో డెల్టా ప్రాంతంలో జరిగిన పరీక్ష చూస్తే తెలుస్తుంది. 14 మందల్లోని 2,061 పశువులను తీసుకుని కొన్నిటి పిరుదుల మీద కళ్లు, కొన్నిటి మీద ఇంటూ గుర్తులు రంగుతో వేశారు, మిగతావాటిని వదిలేశారు. నాలుగేళ్లలో కళ్లు గీసిన 683 పశువుల్లో ఒక్కటీ సింహం, చిరుత లాంటి మాటువేసే జంతువులకు బలికాలేదు. ఏ గుర్తూ లేని 835లో 15 చనిపోయాయి. ఇంటూ గుర్తు వేసిన 543లో 4 చనిపోయాయి. అంటే ఏదో ఒక కొత్త గుర్తు ఉండటమే కొంత కాపాడింది, కళ్లు ఇంకా ఎక్కువ కాపాడాయి. ఇంటూ గుర్తుల గుంపు లేకపోతే ఈ రెండో సంగతి బయటపడేదే కాదు. మీ చేలోనూ గూటం, మనిషి వాసన, కొత్త వస్తువు చేసే పని ఒకటి ఉంటుంది, వెలుగు చేసే పని ఇంకొకటి ఉంటుంది.

ఉత్తుత్తి లైట్ల రైతు నష్టపోకూడదు కదా. అందుకు సీజన్ మధ్యలో తారుమారు చేయండి. పాలుపోసుకునే దశ నుంచి కోత దాకా ఆరు వారాలనుకుంటే మొదటి మూడు వారాలు మొదటి చేనుకు వెలుగు, తర్వాతి మూడు వారాలు రెండో చేనుకు. చిలీలో చేసిందీ ఇదే. రైతుల మధ్య పేచీ రాదు, లెక్కా గట్టిపడుతుంది.

లైట్లు పెట్టడం

ఎకరం చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 255 మీటర్లు. 15 మీటర్లకు ఒకటి చొప్పున 17 లైట్లు పడతాయి. నేల నుంచి రెండడుగుల లోపు ఎత్తులో, పంది కంటికి అందేలా, ముఖం బయటికి ఉండేలా గట్టు మీద పాతండి. చేను లోపల పెడితే ఆకుల చాటున పడి నాలుగు అడుగుల అవతలికి కూడా కనిపించవు.

ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేది ఛార్జింగ్. ఖరీఫ్ మబ్బుల్లో సోలార్ పలక సరిగా నిండక, సాయంత్రం దర్జాగా వెలిగిన లైటు అర్ధరాత్రి దాటాక ఆరిపోతుంది. పంది వచ్చేదే అప్పుడు. రాత్రి 8 గంటలకు చూసి "అన్నీ వెలుగుతున్నాయి" అని రాస్తే లాభం లేదు. వారానికి ఒక్కసారైనా తెల్లవారుజామున 3 గంటలకు తిరిగి, వెలుగుతున్నవి ఎన్నో లెక్కపెట్టండి. పలకల మీద దుమ్ము, పక్షి రెట్ట తుడవండి. ఆరిపోయిన లైట్ల సంఖ్య ఫలితంతో పాటు రాయకపోతే, చివరికి లైటు పనిచేయలేదో అసలు వెలగనే లేదో తెలియదు.

జట్కా మిషన్ పరీక్షిస్తుంటే తీగలో ఓల్టేజీని ఇదే శ్రద్ధతో చూడాలి. కింది తీగకు గడ్డి తగలడం, ఎర్తు కడ్డీ దగ్గర నేల ఎండిపోవడం, ఇన్సులేటర్ పగలడం, ఈ మూడూ దాన్ని చంపేస్తాయి. కింది తీగ జానెడుకు మించి ఎత్తులో ఉంటే పంది ముట్టెతో మట్టి తవ్వి కింది నుంచి దూరుతుంది. 12 ఓల్టుల బ్యాటరీతో, క్షణం క్షణం ఆగి ఆగి జట్కా ఇచ్చే ప్రామాణిక మిషన్ తప్ప వేరేది వద్దు. కంచె, ఆముదం తారుమారు చేయడం కుదరదు కాబట్టి అక్కడ జతలు ఇంకా ఎక్కువ తీసుకోండి. ఆముదం మొక్కజొన్న కన్నా ముందే విత్తాలి, లేకపోతే పందులు వచ్చే నాటికి మోకాలెత్తు కూడా రాదు.

కొలవడం

రైతును "ఎంత పోయింది?" అని అడిగితే వచ్చే జవాబు కొలత కాదు. పరిహారం ఆశ, కోపం, పోయిన ఏడాది జ్ఞాపకం అన్నీ కలిసిన అంకె అది. కొలిచే మనిషి ఆ చేను యజమాని కాకూడదు, వీలైతే ఆ ఊరివాడూ కాకూడదు. వెలిగే లైటేదో ఉత్తుత్తిదేదో పగటిపూట తెలియకపోతే ఇంకా మంచిది. డబ్బాలు ఒకేలా ఉంటే ఇది సాధ్యమే.

మొదటి రోజు చేను మొత్తం తిరిగి, అప్పటికే పడిపోయిన మొక్కలకు రంగు స్ప్రే కొట్టండి. సున్నం వాడితే ఒక్క వానకే పోతుంది. తర్వాత ప్రతి 7 రోజులకు ఒకసారి నాలుగు సాళ్లకొకసారి నడుస్తూ, ఇటు రెండు వరుసలు, అటు రెండు వరుసలు చూస్తూ కొత్తగా పడిన మొక్కలు లెక్కపెట్టి, వాటికీ రంగు కొట్టండి. చదరపు ఎకరంలో ఇది సుమారు 1.7 కిలోమీటర్ల నడక, ఒక గంట పని. చేనంతా ఎందుకు తిరగాలంటే పంది నష్టం మచ్చలు మచ్చలుగా, ఎక్కువగా అంచుల్లో ఉంటుంది. అక్కడక్కడా పది చదరపు మీటర్లు చూసి గుణిస్తే, ఒక్కోసారి సున్నా వస్తుంది, ఒక్కోసారి చేను సగం పోయినట్టు వస్తుంది.

మొత్తం మొక్కలెన్నో కూడా కావాలి. 60 సెంటీమీటర్ల సాలు, 20 సెంటీమీటర్ల ఎడం ఉంటే ఎకరానికి లెక్క ప్రకారం 33 వేల పైచిలుకు వస్తాయి కానీ మొలవనివి ఉంటాయి. పది చోట్ల 10 మీటర్ల వరుసలో మొక్కలు లెక్కపెట్టి సగటు కట్టండి.

పడిన ప్రతి మొక్కా పంది ఖాతాలో వేయకండి. కొత్తగా కొలిచేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

పంది మొక్కను మొదలు దగ్గర విరిచి పడేసి, కంకిని అక్కడే బెండుతో సహా నమిలి పిప్పి వదులుతుంది. చుట్టూ నేల తొక్కి చదునైపోతుంది. మెత్తటి మట్టిలో రెండు గిట్టల వెనక, పక్కలకు జరిగి, రెండు చిన్న గిట్టల గుర్తులు కూడా పడతాయి. జింక, దుప్పి అడుగుల్లో ఇవి మామూలుగా కనిపించవు. కోతి పగలు వస్తుంది, మొక్కను నిలబెట్టే ఉంచి పొత్తు విరిచి, ఒలిచి, సగం తిని పడేస్తుంది. ముళ్లపంది మొక్క మొదలు దగ్గర పళ్ల గాట్లు వదులుతుంది, దగ్గర్లో ముల్లు దొరికితే అనుమానమే లేదు. చిలుక కంకి కొస నుంచి గింజలు వలుస్తుంది. గాలివాన పడగొడితే మొక్కలన్నీ ఒకే దిక్కుకు ఒరిగి, కంకులు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఏదీ తేలకపోతే "తెలియదు" అనే గడిలో వేయండి. ఆ గడి ఖాళీగా ఉన్న కాగితం చూస్తే మాకు అనుమానమే.

కెమెరాలు ఉంటే

నష్టం సున్నా అన్నదానికి రెండు అర్థాలున్నాయి: పంది వచ్చి వెనుదిరిగింది, లేదా అసలు రాలేదు. ఈ రెంటినీ విడదీసేది కెమెరా ట్రాప్ (జంతువు ఎదుటికి రాగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరా) ఒక్కటే. 24 చేలకూ అక్కర్లేదు. నాలుగు జతలకు, చేనుకొకటి చొప్పున 8 చాలు.

పందుల బాట చేనులోకి వచ్చే చోట, 40 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో, బాటకు మూడు నాలుగు మీటర్ల ఎడంగా కట్టండి. ముఖం తూర్పు పడమరలకు వద్దు. ఉదయం, సాయంత్రం ఎండ పడి ఖాళీ ఫొటోలు వస్తాయి. ముందున్న గడ్డి కోయండి, లేకపోతే గాలికి ఊగే ఆకు కార్డు మొత్తం నింపేస్తుంది. తేదీ, సమయం సరిచూడండి. ఒకేసారి మూడు ఫొటోలు తీసేలా పెట్టండి. పెట్టె సందుల్లో చీమలు గూడు కట్టకుండా చూడండి. అరగంట లోపు పడిన పంది ఫొటోలన్నిటినీ ఒకే రాకగా లెక్కించి, వంద కెమెరా రాత్రులకు ఎన్ని రాకలో కట్టండి. 8 కెమెరాలు 40 రాత్రులు పనిచేస్తే 320 కెమెరా రాత్రులు. ఒకటి మధ్యలో పది రాత్రులు చెడిపోతే 310 అని రాయాలి.

అడవి లోపల కెమెరా కట్టాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. పొలాల్లో రైతు అనుమతి ఒక్కటే చాలదు. ఆ దారిన బహిర్భూమికి వెళ్లే ఆడవాళ్లుంటారు. ఊళ్లో ముందే చెప్పి, ఆ దారులు వదిలేసి కట్టండి. మనుషుల ఫొటోలు చూసిన వెంటనే తుడిచేయండి.

పక్క చేలనూ చూడండి

ప్రతి లైటు చేనుకూ ఆనుకుని ఉన్న ఒక చేను, ప్రతి పోలిక చేనుకూ ఆనుకుని ఉన్న ఒక చేను ఎంచుకుని అవే కొలతలు తీయండి. లైటు చేను పక్కవాడి నష్టం పోలిక చేను పక్కవాడి నష్టం కన్నా స్పష్టంగా ఎక్కువైతే, పంది ఆగలేదు, పక్కకు మళ్లింది. ఊరికి మొత్తంగా ఒరిగిందేమీ లేదు. పైగా ఆ పక్కవాడే రేపు కరెంటు తీగ లాగే మనిషి. పని రెట్టింపవుతుందని దీన్ని చాలామంది వదిలేస్తారు. ఓపిక లేకపోతే జతలు తగ్గించుకోకుండా కెమెరాలు మానేయండి, దీన్ని మాత్రం మానకండి.

లెక్క కట్టడం

ఒక్కో జతకు రెండు అంకెలు తేల్చండి: వెలుగున్న వారాల్లో పడిన మొక్కలు (మొదటి మూడు వారాల్లో ఒక చేను, తర్వాతి మూడు వారాల్లో రెండోది), ఉత్తుత్తి వారాల్లో పడిన మొక్కలు. చేల విస్తీర్ణం వేరైతే వందకు ఎన్ని మొక్కలో కట్టండి. 12 జతల్లో ఎన్నింట్లో వెలుగు వైపు నష్టం తక్కువో లెక్కపెట్టండి.

లైటుకు ఏ ప్రభావమూ లేకపోతే ప్రతి జతా నాణెం ఎగరేసినట్టే. 12 సార్లు ఎగరేస్తే 10 లేదా అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే అవకాశం వందకు రెండు మాత్రమే. కాబట్టి 10 జతల్లో లైటు గెలిస్తే అది ఉత్త అదృష్టం కాదని ధీమాగా చెప్పొచ్చు. 9 అయితే ఆ అవకాశం వందకు ఏడు. "ఆశాజనకం, ఇంకో సీజన్ చూడాలి" అని రాయండి. అదే 4 జతలతో చేస్తే నాలుగింటా గెలిచినా అదృష్టం వాటా వందకు ఆరు ఉంటుంది, ఏదీ గట్టిగా చెప్పలేరు. 12 అడిగింది అందుకే. ఒకే చేలో వంద చోట్ల కొలవడం వంద పరీక్షలు కావు, అది ఒక్క చేనే.

వారాల వారీగా కూడా గీత గీసి చూడండి. మొదటి వారంలో నష్టం బాగా తగ్గి, మూడో వారానికి రెండు గీతలూ కలిసిపోతే పంది అలవాటు పడిందన్నమాట. శబ్దాలు, వెలుగులు, వాసనలు చాలావరకు ఇలాగే చల్లబడతాయి. పది రోజుల పరీక్ష చేసి అమ్మే కంపెనీ కరపత్రంలో ఈ మూడో వారం కనిపించదు.

తర్వాత డబ్బు. ఊహకు ఒక ఉదాహరణ: జతకు సగటున వెలుగు వైపు 120, ఉత్తుత్తి వైపు 310 మొక్కలు పడ్డాయనుకోండి. మిగిలినవి 190. ఎకరానికి 30 క్వింటాళ్లు, 30 వేల మొక్కలు అనుకుంటే మొక్కకు 100 గ్రాములు, అంటే 19 కిలోలు. 2024-25 మద్దతు ధర క్వింటాలుకు రూ.2,225 ప్రకారం సుమారు రూ.420. నష్టం సగానికి పైగా తగ్గింది, అయినా 17 లైట్ల ఖరీదు ఒక సీజన్‌లో రాదు. పనిచేయడం వేరు, గిట్టుబాటు కావడం వేరు. లైట్లు ఎన్ని సీజన్లు మన్నుతాయి, కావలి రాత్రులు ఎన్ని తగ్గాయి అన్నవి కూడా వేసి చూపించండి. నిద్ర మిగలడం రైతుకు చిన్న విషయమేమీ కాదు.

రాసి పెట్టడం

రెండు పేజీలు చాలు. ఊరు ఏ మండలంలోదో (రైతుల పేర్లు వద్దు), పంట, తేదీలు, లైట్ల సంఖ్య, ఎడం, ఎత్తు, 3 గంటల తనిఖీలో ఆరిపోయినవి, జతల వారీ అంకెల పట్టిక, పక్క చేల అంకెలు, మధ్యలో తప్పుకున్న రైతులు ఎందరు, ఎందుకు. ఆ చివరి అంకె దాచకండి. నష్టపోయిన పోలిక చేల రైతులే తప్పుకుంటే, మిగిలిన లెక్క లైటును ఉన్నదానికన్నా తక్కువ చేసి చూపిస్తుంది.

లైటు ఓడిపోతే ఆ కాగితం ఇంకా ముందు పంపాలి: రేంజ్ ఆఫీసుకు, మండల వ్యవసాయ అధికారికి, పక్క ఊరి రైతు సంఘానికి. వచ్చే సబ్సిడీ జాబితాలో అదే లైటు ఉందేమో కనుక్కోండి.